పిచిక తల్లి బతికే ఉంది

జనవరి 19

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు పంపించిన బొంతలు చేరాయి. ఏడు పెట్టెలు. ఏడాదిలో పది నెలలు ఫ్యాను కింద కూర్చున్నా వీపు తడిసి కుర్చీకి అంటుకుపోయే ఈ ఊళ్లో, మంచులో పడుకునేవాళ్లు కప్పుకునే బొంతలు! ఏ మహానుభావుడికి తట్టిందో ఈ ఆలోచన, ఆయన్ని ఒక్క మధ్యాహ్నం మా రేకుల గదిలో బొంత కప్పి పడుకోబెట్టాలని ఉంది. పిల్లలు నయం. ఎండ పడకుండా కిటికీలకు వేలాడదీసుకున్నారు. ఒక్కోదాని మూలన కుట్టినావిడ పేరూ చిరునామా దారంతో కుట్టి ఉన్నాయి. వరండాలో నడుస్తుంటే మీ దేశపు ముసలమ్మలంతా వరసగా నన్నే చూస్తున్నట్టుంది.

ఫోను చెయ్యమని రాశావు. చెయ్యను. ఫోనులో నువ్వు పాస్టరుగారివి. ఉత్తరంలో అయితే అప్పుడప్పుడూ నా తమ్ముడివి అవుతావు.

ఇక నీ ప్రశ్నాపత్రం సంగతి. నువ్వు లూథరన్ మిషన్ ఆఫీసులో పిల్లల విభాగానికి పెద్దవి అయ్యావు, మంచిదే. కానీ ఈ హాస్టలుకు వార్డెనుగా ఉన్న పాపానికి, ఏటా ఇలాంటివి పిల్లల చేత రాయించే ఖర్మ నాకెందుకు? "నా జీవితాన్ని మార్చిన రోజు" అట! పదేళ్ల పిల్లకి జీవితం ఎంత, అది మారడం ఎంత? ఒకత్తి "నా తలలో పేలు పోయిన రోజు" అని రాసింది. ఇంకొకత్తి "స్పాన్సరుగారు పంపిన బొమ్మకి తల ఊడిన రోజు" అని రాసి, కింద "ధన్యవాదాలు" అని పెట్టింది. నీ దాతలకు కళ్లనీళ్లు కావాలంటే ఇవి చాలవు మరి.

తొమ్మిదో తరగతి పిచిక ఉత్తరం మాత్రం ఒక్క అక్షరం దిద్దకుండా పంపుతున్నాను. ఆరేళ్లప్పటి నుంచీ ఆ పిల్ల చదువుకి డబ్బు పంపేది ఒకే స్పాన్సరు. ఈసారి బొంతల్లో ఒకటి ఆవిడ కుట్టిందే. నీ ప్రశ్నకు పిచిక జవాబే రాయలేదు. తిరిగి ఆవిడనే అడిగింది: "మీకు మోకాళ్ల నొప్పులున్నాయా? మా అమ్మకి ఉన్నాయి. మీరేం రాసుకుంటారు?" అని. నలభై ఉత్తరాల్లో మనిషి రాసినట్టున్నది ఇదొక్కటే.

తల నెరిసిన నీ
అక్క

ఫిబ్రవరి 11

ప్రియమైన అక్కకు,

ప్రభువు కృప నీకు తోడుగా ఉండాలని ప్రార్థిస్తూ రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, కానీ ఆ తర్వాత దిగులు పడ్డాను. అక్కా, నీ నోరు చిన్నప్పటి నుంచీ అంతే. ఆ బొంతల్ని చర్చి కింది గదిలో కూర్చుని శీతాకాలమంతా కుట్టారు. వాళ్లలో ఒకావిడకి కళ్లు సరిగ్గా కనబడవు. ప్రేమకు వాతావరణంతో పనేముంది?

అసలు సంగతికి వస్తాను. పిచిక ఉత్తరంలో "మా అమ్మ" అని ఉంది. ఈ అమ్మ ఎవరు? మన రికార్డుల్లో ఆ పిల్లకి తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు. ఈ ఏటి మిషన్ పత్రిక అట్ట మీద వేసింది ఆరేళ్లప్పటి ఆ పిల్ల ఫోటోనే. కింద "ఎవరూ లేని పసిమొగ్గ" అని రాసింది నేనే. పత్రిక అన్ని సంఘాలకూ వెళ్లిపోయింది. ఆ ఉత్తరాన్ని ఆపేశాను. మళ్లీ రాయించి పంపు.

ఆగస్టులో ఇక్కడి నుంచి ప్రతినిధుల బృందం మీ హాస్టలుకు వస్తోంది. ఆ పిల్లకి తల్లినని ఎవరో ఆడమనిషి చుట్టూ తిరుగుతూ ఉంటే, ఆ రెండు రోజులూ దూరంగా ఉంచు. గోడలకు ఇప్పుడే రంగులు వేయించొద్దు. వాళ్లు చూసి వెళ్లాక వేయిద్దాం. పిల్లలకు కొత్త గౌన్లు కూడా తర్వాతే.

నన్ను తప్పుగా అనుకోవద్దు. ఈ ఆఫీసులో నాలాంటివాణ్ణి నేనొక్కణ్ణే. ప్రతి ఆదివారం ఏదో ఒక సంఘంలో నిలబెట్టి మాట్లాడమంటారు. మాట్లాడతాను. వాళ్ల మనసు కరిగితేనే నీ హాస్టల్లో పొయ్యి వెలుగుతుంది.

క్రీస్తునందు నీ
తమ్ముడు

మార్చి 2

పాస్టరుగారికి,

"ఎవరో ఆడమనిషి" అన్నావు చూడు, ఆ ఆడమనిషి చేతి వంటే పోయినసారి వచ్చినప్పుడు నువ్వు రెండుసార్లు పెట్టించుకుని తిన్నావు. "చెయ్యి కడుక్కోబుద్ధి కావడం లేదక్కా" అన్నావు. అవును, మా హాస్టల్ వంటమనిషే పిచిక తల్లి. తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంది. ఈ హాస్టల్లో ఉన్న పిల్లలందరికీ తెలుసు, గేటు దగ్గరి కుక్కకీ తెలుసు. తెలియనిది నీ పత్రికకే.

మరి లేదని ఎవరు రాశారంటావా? నేనే. అప్పటికి నువ్వు ఆ ఆఫీసులో లేవు. అమ్మానాన్నా ఇద్దరూ పోయిన పిల్లలకే స్పాన్సర్లు అని మీ పెద్దలు నియమం పెట్టారు. ఈమె మొగుడు పోయి, ఆరేళ్ల పిల్లని చంకనేసుకుని వచ్చింది. తల్లి ఉంది కాబట్టి కుదరదన్నాను. "రాసెయ్యండి టీచర్, నేనూ పోయానని. దానికి చదువొస్తే నేను బతికున్నట్టే" అంది. రాశాను. వంటలో పెట్టుకున్నాను. అప్పటి నుంచీ పిచిక ఉత్తరాల్లో "అమ్మ" అని వచ్చిన చోటల్లా "ఆయా" అని మార్చి పంపాను. ఈసారి విసుగొచ్చి వదిలేశాను. అంతే. అందులో గొప్పతనమేమీ లేదు.

నా తప్పు నాకు తెలుసు. కానీ నీ వాళ్ల తీరు చూస్తే ఒళ్లు మండుతోంది. పిల్లకి తల్లి ఉంటే వాళ్ల జాలికి ఏం లోటొచ్చింది? గోడ పెచ్చులూడుతూ ఉండాలి, గౌను చిరిగి ఉండాలి, తల్లి చచ్చి ఉండాలి! ఇంత షోకు జాలి నేనెక్కడా చూడలేదు. నీ బృందం వచ్చిన రోజు వంటామె వంటింట్లోనే ఉంటుంది. రంగులు వేయించడం నిన్ననే మొదలుపెట్టాను. ఆకుపచ్చ.

అన్నట్టు, నీ ఉత్తరం బల్ల మీద పెట్టి ప్రార్థనకు వెళ్లాను. వచ్చేసరికి పిచిక అక్కడ హాజరు పుస్తకం సర్దుతోంది. "పసిమొగ్గ అంటే ఏంటి టీచర్?" అని అడిగింది. చదివేసిందన్నమాట. నీ అట్ట మీద పువ్వుకి పదిహేనేళ్లు నిండాయి, బాబూ.

అక్క

ఏప్రిల్ 24

అక్కా,

నువ్వు కోరుకున్నది జరిగింది. సంతోషించు.

పిచిక నేరుగా ఆ స్పాన్సరుకే ఉత్తరం రాసింది. బొంత మూలనున్న చిరునామా చూసి, తనకొచ్చిన ఇంగ్లీషులో రెండు పేజీలు. "మా అమ్మ చనిపోలేదు. రోజూ పొద్దున్నే అయిదింటికి లేచి మా అందరికీ వండుతుంది. నేను అనాథను కాను. మీరు ఇన్నాళ్లూ నన్ను చూసి బాధపడి ఉంటే క్షమించండి" అని. ఇది నువ్వు నేర్పించిందేనని నాకు అనుమానం.

సోమవారం ఆవిడ వానలో తడుస్తూ ఆఫీసుకొచ్చింది. ఆ ఉత్తరం నా బల్ల మీద పెట్టి, "ఈ పిల్ల తల్లిని ఎందుకు చంపారు?" అని అడిగింది. అక్కా, చుట్టూ అందరూ ఉన్నారు. రికార్డులో పొరపాటన్నాను. "ఇక నాకు మీతో పనిలేదు" అని లేచి వెళ్లిపోయింది. తొమ్మిదేళ్ల దాత!

పై అధికారులు అడగకముందే పిచిక పేరు జాబితాలోంచి తీసేశాను. ఒక్క ఇటుక కదిలితే గోడంతా అనుమానిస్తారు. ఇక ఆ పిల్లని హాస్టల్లో ఉంచాలో వద్దో నువ్వే ఆలోచించుకో. నీ ఆకుపచ్చ రంగు నీకు బాగానే ఉంటుంది. ఇక్కడ తల దించుకున్నది నేను.

నీ తమ్ముడు

మే 15

తమ్ముడూ,

నేను నేర్పలేదు. నేర్పాలన్న బుద్ధి నాకు పుట్టనందుకు సిగ్గుపడుతున్నాను. పిల్ల నాకంటే నయం.

ఆ మహాతల్లి గురించి మాత్రం నాలుగు మాటలు రాయకపోతే నిద్ర పట్టదు. తొమ్మిదేళ్లు "నా చిన్నారీ" అని రాసింది. ఆ చిన్నారికి తల్లి ఉందని తెలియగానే పనిలేదట! ఏ బంగళాలోనో కూర్చుని, పొద్దుపోక కుట్టుకునే బొంతల మధ్య మా పిల్ల అనాథగా ఉన్నంతకాలం ముద్దొచ్చింది. తుడిచిపెట్టుకుపోయిన దయ! నాకు చేతనైతే ఆ బొంతని తిప్పి పంపేదాన్ని.

అదే మాట వంటింట్లోకి వెళ్లి చెప్పాను. ఆవిడకు మీతో పనిలేదట, నువ్వు బతికుండటం ఆవిడకు నచ్చలేదట, అని. ఇలాగే, ఈ మాటల్లోనే చెప్పాను. కోపంలో ఉన్నాను, నీ మీదా ఆవిడ మీదా. వంటామె పొయ్యి ఆపింది. పెద్ద గిన్నె తోమి బోర్లించింది. పిచిక గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

మూడో రోజు పొద్దున చూస్తే ఇద్దరూ లేరు. పిచిక తన యూనిఫారం ఉతికి, ఇస్త్రీ చేసి, నా బల్ల మీద మడతపెట్టి వెళ్లింది. ఎక్కడికని ఎవరికీ చెప్పలేదు. వచ్చే నెల బడి తెరిస్తే పదో తరగతి. లెక్కల్లో క్లాసుకి మొదటిది అది.

గోడ మీద అనుమానం రాదులే, నిశ్చింతగా ఉండు. కదిలిన ఇటుక వెళ్లిపోయింది.

అక్క

జూలై 8

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇన్నాళ్లూ జవాబు రాయలేకపోయాను.

ఆవిడ పిల్లని వద్దందని నేనెప్పుడు రాశాను? "మీతో పనిలేదు" అన్నది నన్ను. ఈ ఆఫీసుని. నేను అలాగే రాశాననుకున్నాను. నా ఉత్తరానికి నకలు లేదు కాబట్టి ఎలా రాశానో తెలియదు. ఒకవేళ నీకు అలా అర్థమైతే, అలా అర్థమయ్యేలాగే రాశానేమో.

ఆగస్టు 14న వచ్చే బృందంతో ఆవిడ కూడా వస్తోంది. తన ఖర్చు తనే పెట్టుకుని వస్తోంది. పిచిక తల్లిని చూడాలట. వాళ్లు అక్కడే ఉన్నారనుకుంటోంది. లేరని చెప్పే ధైర్యం నాకు లేదు. రెండుసార్లు చెబుదామని వెళ్లి, ఆవిడ ఇంటి గుమ్మం ముందు నుంచి తిరిగొచ్చాను.

ఈలోపల వాళ్లని ఎలాగైనా వెతికి తీసుకురా. నీకు చేతకాని పని లేదు. బృందం పెద్దాయనతో మాత్రం కాస్త నెమ్మదిగా మాట్లాడు.

తమ్ముడు

ఆగస్టు 27

తమ్ముడూ,

నీ ఉత్తరం ఆగస్టు పదిన చేరింది. నాలుగు రోజుల్లో ఎక్కడని వెతకను? నలుగురిని అడిగాను. దొరకలేదు. నువ్వు అక్కడ చెప్పలేని మాటని నా చేత ఇక్కడ చెప్పించావు. ఎలా జరిగిందో విను.

అయిదుగురు దిగారు. నీ పెద్దాయన పిల్లల తలలు వరసగా నిమురుకుంటూ వెళ్లాడు, పుచ్చకాయలు చూసుకుంటున్నట్టు. ఒకాయన పిల్లల్ని చెప్పులు విడిచి నిలబడమన్నాడు, ఫోటో బాగుంటుందట. "నేల కాలుతోంది, ముందు మీరు విడవండి" అన్నాను. నెమ్మదిగానే అన్నాను.

స్పాన్సరావిడ వీళ్లతో నిలబడలేదు. పొడుగాటి మనిషి, మగవాళ్ల బూట్లు, ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంది. బంగళా లేదు, ఏమీ లేదు. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిందట. నేరుగా వెనక్కి, వంటింట్లోకి వెళ్లింది. కొత్త వంటమనిషి పొయ్యి దగ్గరుంది. ఆవిడ ఒక్కసారిగా ఆమెను కావలించుకుని ఏడ్చేసింది. ఈమె గరిటె పట్టుకుని బిక్కచచ్చిపోయింది. "ఈమె కాదు" అని నేను చెప్పాల్సి వచ్చింది. ఎందుకు కాదో కూడా.

ఆవిడ బోర్లించిన గిన్నె మీద కూర్చుండిపోయింది. "పిల్లని నేను వద్దన్నానా? ఎవరన్నారు? ఆ పిల్లకి మూడు ఉత్తరాలు రాశాను. హాస్టలుకు వచ్చే ఉత్తరాలన్నీ ఆఫీసు ద్వారానే వెళ్లాలన్నాడు, మీ తమ్ముడి చేతికే ఇచ్చాను" అంది. ఒరేయ్, మూడు ఉత్తరాలు! అవెక్కడున్నాయి? వాటిలో ఒక్కటి చేరి ఉంటే వాళ్లు గడప దాటేవాళ్లా?

నిన్ను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఆవిడ తర్వాత అడిగింది, "మరి మీరు నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా?" అని. అడగాలని నాకు తట్టనే లేదు. ఆవిణ్ణి అసహ్యించుకోవడం తేలిగ్గా ఉంది. అందులో సుఖం కూడా ఉంది. అది చాలనుకున్నాను.

మర్నాడు కూరలు తెచ్చేవాడు చెప్పాడు, రెండు గంటల దూరంలో మందు సీసాల ఫ్యాక్టరీ ఉంది, అక్కడి క్యాంటీన్లో వంటామెను చూశానని. నీ పెద్దాయన ఉపన్యాసం మధ్యలో లేచి, మేమిద్దరం బస్సెక్కాం. దారంతా ఆవిడ డ్రైవరు గేర్లు మార్చే తీరు చూసి తల కొట్టుకుంటూనే ఉంది.

ఒంటిగంటకు విరామం. గేటు పక్కన బెంచీ మీద కూర్చున్నాం. ముందు పిచిక వచ్చింది. సీసాలకు చీటీలు అంటించే పనట, వేళ్లన్నీ జిగురు. నన్ను చూడగానే మొహం తిప్పేసుకుంది. పక్కనున్న మనిషి ఎవరో చెప్పేసరికి, అలాగే నిలబడిపోయింది. తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

స్పాన్సరావిడ ఏదో అంది. నేను తెలుగులో చెప్పబోయాను. "నాకొచ్చు టీచర్" అంది పిచిక. తల్లికి తనే చెప్పింది: "నన్ను వద్దనలేదంటమ్మా. నిన్ను చూద్దామని వచ్చిందంట."

తల్లి ఆవిడ మోకాలి వైపు చూసి, "ఇంత దూరం ఆ కాలుతో ఎందుకొచ్చావమ్మా" అంది.

ఆవిడ అడిగింది, నువ్వు చచ్చిపోయావని ఎవరు రాశారని. పిచిక ఆ మాట తెలుగులో చెప్పి నా వైపు చూసింది.

"నేనే రాయమన్నానని చెప్పు" అంది తల్లి.

"రాసింది నేను" అన్నాను.

"బతిమాలింది నేను కదా టీచర్, మీరూరుకోండి."

తమ్ముడూ, ఆమె నన్ను కాపాడుతోంది! నేను పొయ్యి దగ్గరకెళ్లి ఆమె మొహం మీద అన్న మాటలు ఆమెకు గుర్తున్నాయి, నాకూ గుర్తున్నాయి. అయినా కాపాడుతోంది. అంత చిన్నదాన్నయిపోయి నేనెన్నడూ కూర్చోలేదు.

చదువుకుంటావా అని ఆవిడ పిచికను అడిగింది. "చదువుకుంటాను. హాస్టల్లో కాదు" అంది. సైరన్ మోగింది. ఇద్దరూ లోపలికి వెళ్లిపోయారు. స్పాన్సరావిడ ఆ వారమంతా రోజూ ఆ బస్సెక్కి వెళ్లింది. నన్ను రమ్మనలేదు.

ఇంకొక్క మాట. వెళ్లేముందు నీ పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకుని, "అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి మీరే ఈ హాస్టల్లో పెంచారట, ఆయన చెబుతుంటే మా సంఘంలో ఏడవనివాళ్లు లేరు" అన్నాడు. నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా రిటైరయ్యాక పదకొండేళ్లు బతికాడు. నీ పెళ్లిలో అమ్మ అందరికంటే గట్టిగా పాడింది. వాళ్లని ఏ వయసులో చంపావురా? నాకు ఆరేళ్లున్నప్పుడా, నీకు ఆరేళ్లున్నప్పుడా?

అక్క

సెప్టెంబరు 18

అక్కా,

మొదటిసారి వాళ్లే అలా పరిచయం చేశారు. చదువు కోసం మిషన్ హాస్టల్లో ఉన్నానంటే అనాథే అనుకున్నారు. నేను దిద్దలేదు. హాలంతా లేచి నిలబడింది. రెండోసారి దిద్దుదామనుకున్నాను, కానీ ముందు వరసలో మొదటిసారి విన్నవాళ్లు కూర్చున్నారు. ఆ తర్వాత అది నా కథే అయిపోయింది. చెప్పేటప్పుడు నిజంగానే ఏడుస్తాను. ఎందుకేడుస్తానో నాకు తెలియదు.

మూడు ఉత్తరాలూ నా సొరుగులో ఉన్నాయి. చూసి పంపుదామని కవర్లు చింపాను, తర్వాత పంపలేకపోయాను. ఈ కవర్లో పెడుతున్నాను.

నువ్వు మండిపడతావని తెలిసీ అడుగుతున్నాను. ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరైనా ఫోటో తీశారా? తల్లీ కూతుళ్లూ దాతా కలుసుకోవడం గురించి పెద్దాయన వచ్చే పత్రికలో వేద్దామంటున్నారు. ఈసారి నిజమే రాస్తాను. ఒట్టు.

తమ్ముడు

అక్టోబరు 9

తమ్ముడూ,

ఫోటో లేదు. ఉన్నా పంపను. నిజాన్ని కూడా అట్ట మీద వేసుకుని ఊరేగితేగాని నీకు ఊపిరాడదా? చేతులు జోడించి చెబుతున్నాను, వాళ్లని వదిలెయ్.

నీ కథ సంగతి. పెద్దాయనకు నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సింది నువ్వు. ఆ వచ్చే ఆదివారమే, ముందు వరసలో ఎవరు కూర్చున్నా సరే. చెప్పకపోతే నాకు రాయకు. నేను కోపంగా లేను. అలసిపోయాను.

ఈ నెల నుంచి పిల్లల ఉత్తరాలు నేను చదవడం మానేశాను. ఎవరిది వాళ్లే రాసి, కవరు అంటించి ఇస్తున్నారు. తల్లి ఉందని రాస్తారో, పేలున్నాయని రాస్తారో నాకు తెలియదు. తల్లులున్న పిల్లలు ఇంకా పదకొండుమంది ఉన్నారు. వాళ్ల కాగితాలు దిద్ది, కింద సంతకం పెట్టి మీ పై అధికారులకు పంపాను. నన్ను తీసేస్తే తీసేయనీ.

మొన్న ఆ మూడు ఉత్తరాలూ తీసుకుని పిచిక వాళ్ల గదికి వెళ్లాను. సైకిలు షాపు వెనక ఒక గది. తల్లి క్యాంటీన్లోనే చేస్తోంది. పిచిక అక్కడి ప్రభుత్వ బడిలో చేరింది. మూడు నెలలు పోయాయి కాబట్టి వెనకబడ్డానంది. గోడకానుకుని లెక్కలు చేసుకుంటోంది.

కవర్లు చేతికివ్వగానే అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి చింపి ఉన్నాయి టీచర్. మీరు చదివారా?"

"ముందు మా తమ్ముడు చదివాడు. నేను బస్సులో చదివాను."

తల ఊపింది. కోప్పడలేదు. వాటిని తల్లి ఒళ్లో పెట్టింది. ఆమె ఒక్కొక్క కవరు నోరూ వేలితో నొక్కి మూసింది.

అలమర మీద ఇంకో కవరుంది, కొత్తది, వాళ్ల గది చిరునామాతోనే వచ్చింది. తొమ్మిదేళ్ల అలవాటు, నా చెయ్యి దానంతటదే అటు వెళ్లింది. "ఏమని రాసింది?" అని అడిగాను.

పిచిక నాకంటే ముందు ఆ కవరు తీసి, పుస్తకంలో పెట్టి, పుస్తకం మూసింది.

"బాగానే ఉందంట టీచర్" అంది.

అంతకంటే ఏమీ చెప్పలేదు. మంచినీళ్లు ఇచ్చింది, తాగి వచ్చేశాను.

అక్క